ఖాళీ చేతుల నీరుగంటి

అనగా అనగా, తాతల తాతలకు తాతలున్న కాలాన, ఒక రాజ్యపు సరిహద్దులో ఒక చెరువు ఉండేది. చెరువుకు ఒక తూము. తూముకు ఒక కాపరి. అతడు రాజుగారి కొలువులో పొలాలకు నీరు పంచే నీరుగంటి. పేరు కదిరప్ప.

అడుగున బెజ్జమున్న రాగి గిన్నెను తొట్టిలో తేలవేసేవాడు. బెజ్జంలోంచి నీరెక్కి గిన్నె మునిగితే ఒక మడి వంతు తీరినట్టు. మొదటి మడికి ఒక గిన్నె, చివరి మడికీ ఒక గిన్నె. ఎవరి నుండీ గడ్డిపోచయినా పుచ్చుకోరాదని రాజాజ్ఞ.

ఒక ఏడు వానలు తగ్గాయి. మొదటి మడి ఆసామి సిద్దన్న సొరకాయ తెచ్చాడు.

“తీసుకోగూడదు సామీ,” అన్నాడు కదిరప్ప.

“లంచమా ఇది? మర్యాద గదప్పా! మా పాదున కాసింది.”

తీసుకున్నాడు. ఆనాడు సిద్దన్న మడికి రెండు గిన్నెల నీరు పారింది.

రెండో వంతుకు పెరుగు ముంత వచ్చింది. “లంచమా ఇది? మర్యాద గదప్పా!” మూడు గిన్నెలు పారాయి.

మూడో వంతుకు అరటిగెల వచ్చింది. ఈసారి సిద్దన్న ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది. కదిరప్ప గిన్నె వైపే చూడలేదు.

ఆ సాయంత్రం చివరి మడి ఓబులమ్మ వచ్చింది. భర్త పోయాడు, ఆమెకున్నది ఆ ఒక్క మడే. పొట్టకొచ్చిన పైరు ఎండుతోంది. ఆమె చంకలో ఒక కోడి.

“నాయనా, ఈ ఊరి మర్యాద నాకెవరూ చెప్పలా. ఆలస్యంగా తెచ్చినా, ఏమనుకోవద్దు. గుడ్లు పెట్టే పెట్ట. ఉండేది ఇదొక్కటే.”

కదిరప్ప తల ఎత్తలేకపోయాడు. కోడిని ముట్టలేదు. పరుగున పోయి తూము ఎత్తాడు. చుక్క రాలేదు. చెరువులో నీటిమట్టం అప్పటికే తూము కంటే కిందికి పడిపోయింది.

మరునాడు కచేరీకి పోయి నేరం ఒప్పుకొన్నాడు. అధికారి నవ్వాడు.

“సొరకాయకు శిక్ష ఏమిటయ్యా? పో, పో!”

ఆయన పీట వెనుక ఎవరో తెచ్చిన మామిడిపండ్ల బుట్ట ఉంది. శిక్ష పడి ఉంటే కదిరప్పకు కొంత తేలికయ్యేది.

కోతలప్పుడు తనకు జీతంగా వచ్చిన వడ్లన్నీ ఓబులమ్మ గడపలో పోశాడు.

“ఇదీ మర్యాదేనా నాయనా?”

“కాదమ్మా. ఇది నా సిగ్గు.”

మరుసటి ఏడు చెరువు నిండింది. తూము ఎత్తేముందు కదిరప్ప కట్టపై నిలిచి, చివరి మడి వైపు తిరిగి, రెండు చేతులూ చాచాడు.

“చూడమ్మా. ఖాళీ.”

“ఏమప్పా, ఎండలో చేతులు ఆరబెట్టుకుంటుండావా?” అని సిద్దన్న ఎగతాళి చేశాడు. కదిరప్ప చేతులు దించలేదు. బ్రతికినన్నాళ్ళూ అలాగే చాచాడు. పోయేనాడు, “నా చేతులు ముడవకండి,” అని మాత్రం అన్నాడు. అరచేతులు తెరిచి ఉంచే మట్టి చేశారు.

నేటికీ ఆ చెరువు కింద తూము ఎత్తేవాడు ముందుగా చివరి మడికి చేతులు చూపుతాడు. ఎవరైనా కానుకతో ఎదురుపడితే, “చివరి మడి చూస్తోంది,” అంటాడు.

మరి కచేరీలలో ఈ ఆచారం ఎందుకు లేదని పిల్లలు అడుగుతారు. కచేరీలలో పనిచేసి వచ్చిన పెద్దలం చేతులు ఉత్తరీయంలోకి లాక్కుంటాము.