గట్టు తల్లి రెండు అందెలు

వెదుళ్లగెడ్డ అనే వాగు కరకట్ట మీద వెలసిన గట్టు తల్లిని చూడవచ్చిన వారు ముందు అమ్మ పాదాలు చూసి నివ్వెరపోతారు. ఒక కాలి ఇత్తడి అందె తళతళలాడుతుంటుంది. రెండోది మట్టి తిని పచ్చబారి ఉంటుంది. దాన్ని చింతపండు పెట్టి తోమరాదు. అమ్మ తలపై కిరీటం లేదు, మట్టితట్ట ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఉత్త గట్టే. ఆ రోజుల్లో గుంటముక్కల తవిటినాయుడు గారు సమితి ప్రెసిడెంటు. ఓట్ల మనిషే గాని చదువుల మనిషి కూడాను. పట్నంలో అచ్చాఫీసుకు వెళ్లి ఎవరెవరి పుస్తకాలో దిద్ది పెట్టేవారు. ఆయన ఎర్ర సిరా కింద తప్పు బతికి బట్టకట్టేది కాదట! అటువంటి మనిషి ఇంటింటి అరుగు మీదా కూర్చుని, ముసలివాళ్లను అడిగి అడిగి ఊరి చరిత్ర రాశారు. పెద్ద వరదకు గండి పడితే, తన ముత్తాత లచ్చుంనాయుడు పసుపుబట్ట కట్టుకుని మొక్కగా గెడ్డ శాంతించిందని పద్నాలుగో పేజీలో రాసుకున్నారు. ఇంట్లో విన్నదే రాశారు, పాపం.

పుస్తకం అచ్చుకు వెళ్లబోతుండగా పాలేళ్ల వీధి నుంచి పైడితల్లి అనే ముసలమ్మ వచ్చింది.

"మొక్కితే గండి పూడిపోద్దేటి బాబూ? మా మామ్మ అసిరి గండిలో దిగి తడిక అడ్డం పట్టుకుంది. మీ ముత్తాత మట్టి పోసీమన్నారు. లోపల మనిషుందని అరిసినా పోసీమన్నారు."

నాయుడు గారు పద్నాలుగో పేజీ తెరిచారు. "రుజువేదమ్మా?" అన్నారు.

"ఒక కాలి అందె పుండు సేసిందని తీసి సూరులో దోపి, రెండోదాంతోనే పనికెళ్లింది. సూరులోది మా ఇంటనే ఉంది. కాలిది మీ గట్టులో ఉంది. తవ్వి సూసుకోండి."

ఆ మాటలు ఆయన రాసుకున్నారు. రాసుకుని, రుజువు లేనిది చరిత్ర కాదని తన చేత్తోనే కొట్టేశారు. ఐదు వందల ప్రతులు అచ్చయి వచ్చాయి.

ఎన్నికలు పదిహేను రోజులున్నాయనగా, రైతులడిగిన తూము కోసం ఆయనే దగ్గరుండి గట్టు తవ్వించారు. మిట్టమధ్యాహ్నం పలుగుకు ఏదో ఖంగుమని తగిలింది. వంగి చూసిన కూలీ వెల్లకిలా పడ్డాడు. ఎముక! ఎముకకు ఇత్తడి అందె! ఎంత వెతికినా ఒక్కటే!

బావమరిది చెవి దగ్గరకు వచ్చాడు. "బావా, మట్టి పోసీమను. పైకి పొక్కిందంటే మనోళ్లే ఓటెయ్యరు."

అదే చోటు. అదే మాట. తట్టలెత్తిన కూలీలు నాయుడు గారి నోటికేసే చూస్తున్నారు.

"దించండి," అన్నారు. పైడితల్లికి కబురు పెట్టారు.

ఆమె కొంగుముడి విప్పి, రెండో అందె తీసి మొదటి దాని పక్కన పెట్టింది. జత! ఆమె ఏడవలేదు. "ఇప్పుడు రాస్తారా బాబూ?" అని మాత్రం అడిగింది.

నాయుడు గారు ప్రతులన్నీ గట్టు మీదికి తెప్పించుకుని, మూడు పగళ్లు కూర్చుని, ప్రతి దానిలోనూ ముత్తాత పేరూ మొక్కూ కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో 'అసిరి' అని రాశారు. కొత్తగా వేయించుకోరాదా అని అడిగితే, "చింపేస్తే మేం అబద్ధమాడలేదనుకుంటారు. కొట్టేసిన గీత కనబడాలి," అన్నారు. ఆ ఎన్నికల్లో సొంత వీధి కూడా ఆయనకు ఓటెయ్యలేదు. తర్వాత ఆయన చేయించిన విగ్రహమే నేటి గట్టు తల్లి.

నేటికీ ఆ పుస్తకం ఆ తప్పుతోనే అచ్చవుతుంది. పైడితల్లి ఇంటి ఆడవారు గుడి ముందు కూర్చుని ఒక్కొక్కటే దిద్ది ఇస్తారు. చదువు రాని వారు కూడా ఆ మూడక్షరాలు నేర్చుకున్నాకే కలం పడతారు. ఆ గట్టుకు మళ్లీ గండి పడలేదు. ప్రతి ఆషాఢంలోనూ భక్తులు తట్టెడు మట్టి తెచ్చి వేస్తారు. వేసే ముందు వంగి, "అమ్మా, లోపల ఎవరైనా ఉన్నారా?" అని ముమ్మారు పిలవాలి. పిలిచి, బదులు కోసం ఆగాలి. ఆగని వారి మట్టిని అమ్మ ముట్టదు.