తాడు కొసన నూకాలు

రా, నా పక్కన పడుకో. ఇవాళ బడిలో ‘హోల్డ్’ అంటే పట్టుకోవడం అని నేర్పారన్నావుగా? చేత్తో పట్టుకోవడం ఒక్కటే కాదమ్మా. విను మరి.

అనగనగా సముద్రం ఒడ్డున, ఇసకలోనే ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలని నీ అంత పిల్ల. వాళ్ళ నాన్న దానయ్య పెద్దవల లాగేవాడు. ఒకరోజు పడవ మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

పెద్దవలంటే ముప్పై మంది ఒడ్డున నిలబడి తాడు లాగాలి. తాడు మీద ఎవరి చోటు వాళ్ళది. చోటున్నవాళ్ళకే చేపల్లో వాటా. మూడు రోజులు మనిషి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అదీ అక్కడి కట్టుబాటు. మరి ఆ ఇంట్లో తిండెలా? మంచం మీద దానయ్యకి అదే దిగులు.

అప్పుడు నూకాలు, “నీ చోటు నాను పట్టుకుంటాను నాన్నా” అంది.

మొదటిరోజు వెళితే వలపెద్ద అసిరయ్య నవ్వాడు. “నీ సెయ్యెంత, తాడెంత? పోయి గవ్వలేరుకో!” అని పంపేశాడు.

రెండోరోజు అడక్కుండానే తాడు కొస పట్టుకుంది. తాడు ఒక్క గుంజు గుంజింది. బోర్లా పడింది, నోటినిండా ఇసక. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్విన వాళ్ళమీద నాకిప్పటికీ కోపమే.

మూడోరోజు అందరికంటే ముందే వెళ్ళింది. ఇసకలో గొయ్యి తీసి, మడమలు దిగేసి తాడు పట్టింది. అరచేతులు దోక్కుపోయాయి. ఓ పీత వచ్చి కాలి బొటనవేలు పట్టుకుంది. అదీ వదల్లేదు, ఇదీ వదల్లేదు!

ఆ తర్వాత వల దగ్గరికొచ్చింది. నీళ్ళలో చేపలు తళతళమన్నాయి. అంతే, అంతంత మగాళ్ళూ చేపలు చూద్దామని తాడు వదిలేసి పరుగెత్తారు. ఇంతలో పెద్ద అల వెనక్కి లాగింది. వల సముద్రంలోకి జారిపోతోంది!

నూకాలు గబగబా తాడుని పడవ కట్టేసే గుంజకి రెండు చుట్లు చుట్టింది. కొస పట్టుకుని కూలబడింది. తాడు బిగుసుకుంది. వల ఆగింది. అప్పుడు వాళ్ళంతా సిగ్గుపడుతూ వెనక్కొచ్చి, వలని ఒడ్డుకి చేర్చారు.

కానీ నూకాలు పిడికిలి విడదే! అసిరయ్య పక్కన కూర్చుని ఒక్కో వేలూ విప్పసాగాడు.

“ఒగ్గీయే తల్లీ, వల వొచ్చీసింది.”

“మా నాన్న చోటో తాతా?”

అసిరయ్య అందరివంకా చూశాడు. ఒక్కరూ తలెత్తలేదు.

“మీ నాన్న కాలు కుదిరీదాకా ఆ చోట నువ్వే” అన్నాడు.

అది విన్నాకే నూకాలు ఆఖరికి మిగిలిన చిటికెనవేలు వదిలింది.

వల ఒడ్డుకీ, చేప చట్టికీ,
కథ కంచికీ, మనం కునుక్కీ!