కుంపటమ్మతో అన్న మాట

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా! మీరు ఊఁ కొట్టకపోతే ఆ రాజు కాలు కదపడు, సింహాసనం మీద అలాగే కునికిపాట్లు పడుతుంటాడు. ఆఁ, అలాగ.

ఆ రాజు పేరు మణికేతుడు. ఊరు పూలగిరి. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరకేతు, నడిపివాడు వీరకేతు, కడపటివాడు చారుకేతు. ముగ్గురూ చక్కనివాళ్ళే, ముగ్గురూ మాటకారులే. ఒకనాడు రాజు వాళ్ళని పిలిచి, "లోకం చూడనివాడు రాజ్యమేం ఏలుతాడ్రా! ఏడు సముద్రాల అవతల నిప్పులదీవి ఉందట. అక్కడి వింతలన్నీ చూసి రండి" అని ఓడ ఎక్కించి పంపాడు.

వెళ్ళారు. ఏం దీవమ్మా అది! ఎటు చూసినా పచ్చదనమే. చెయ్యెత్తితే అరటిపండు, వంగితే పనసపండు. పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, మళ్ళీ ఎండ. ఆ దీవి పెద్దకి సంపెంగి అని ఒక్కతే కూతురు. ఊరుగాని ఊరినుంచి వచ్చినవాళ్ళని తిప్పి చూపించడం ఆ పిల్ల పని.

మొదట ఉడుకుగుండానికి తీసుకెళ్ళింది. నేలలోంచి నీళ్ళు కుతకుతలాడుతూ పైకొస్తాయి. బియ్యం మూటగట్టి అందులో ముంచితే అన్నమైపోతుంది. పెద్దవాడు తిన్నంత తిని, పక్క మడుగులో ఒళ్ళు కాచుకున్నాడు. తర్వాత వెండిజల్లు అనే జలపాతానికి తీసుకెళ్ళింది. దాని వెనక నిలబడితే లోకమంతా హరివిల్లులోంచే కనిపిస్తుంది. నడిపివాడు చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆఖరికి నిప్పుకొండ. దీవివాళ్ళు దాన్ని కొండ అనరు, కుంపటమ్మ అంటారు. పొద్దునా సాయంత్రం కాస్త నిప్పు ఊది, కాస్త బూడిద చల్లి, మళ్ళీ నెమ్మదిస్తుంది. ఆ బూడిద పడ్డ చేలో ఏం వేసినా బంగారమే. చారుకేతు కొండ అంచున నిలబడి నోరు తెరుచుకుని చూశాడు. కుంపటమ్మని చూశాడో, పక్కనున్న సంపెంగిని చూశాడో నన్నడక్కండి.

ఇక తిరుగు ప్రయాణం. మనం బయల్దేరేటప్పుడు ఏమంటాం? "పోతున్నా" అంటామా? అంటే అమ్మ నోటిమీద ఒక్కటిస్తుంది. "వెళ్ళొస్తా" అంటాం. వాళ్ళూ అదే అన్నారు. పెద్దవాడు గుండంతో అన్నాడు, నడిపివాడు జలపాతంతో అన్నాడు. చారుకేతు కుంపటమ్మకి దణ్ణం పెట్టి, సంపెంగి వంక చూస్తూ, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

అక్కడే వచ్చిపడింది చిక్కు. నిప్పులదీవిలో పోయేవాళ్ళు పోతున్నామనే అంటారు. వస్తానని, నిజంగా వచ్చేవాళ్ళే అంటారు. ఆ మాట కొండ విన్నది, సంపెంగి విన్నది. ఇద్దరూ నమ్మారు.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు పూలగిరి కోటలో పెద్ద విందు. చారుకేతు ఎప్పట్లాగే "నేను నిప్పుకొండ చూసినప్పుడు..." అని మొదలెట్టాడు. వినేవాళ్ళకి అప్పటికే కంఠతా వచ్చేసిన కథ అది. ఇంతలో ఒక ముసలి తాబేలు ఒళ్ళంతా ఉప్పు కట్టి, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ సభలోకి వచ్చింది.

"ఇక్కడ వెళ్ళొస్తానన్నవాళ్ళు ఎవరయ్యా?" అని అడిగింది.

సభ గొల్లుమంది. శూరకేతు కడుపు పట్టుకుని నవ్వుతూ, "ఓసి పిచ్చి తాబేలా! అది ఊరికే అనే మాటే!" అన్నాడు.

"మర్యాదకి అంటాం. అంతమాత్రాన మళ్ళీ ఏడు సముద్రాలు దాటి వస్తామా ఏమిటి?" అన్నాడు వీరకేతు.

"ఊరికే అన్నారా! మర్యాదకి అన్నారా!" అంది తాబేలు. "మీరు ఊరికే అన్న మాటకి గుండం తన వేడంతా మీకోసం లోపల దాచుకుంది. పైన నీళ్ళు చల్లారిపోయాయి. వెండిజల్లు మీకోసం నీళ్ళన్నీ కొండమీదే ఆపుకుంది. కింద చేలు ఎండిపోయాయి. చుట్టం వస్తానన్నాక ఇల్లాలు ముందు తింటుందా? కుంపటమ్మ నిప్పు ఊదడం మానేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కడుపు ఉబ్బిపోయింది. ఇవాళో రేపో పగిలిందంటే దీవి మిగలదు. ఇదే సందని ధూమకర్ణుడనే మాంత్రికుడు దిగాడు. వాడి ప్రాణం వాడి భుజంమీది తెల్లచిలకలో ఉంది, దాన్ని ముట్టుకున్నవాడు బూడిదే. 'కొండని నిద్రపుచ్చుతాను, సంపెంగిని నాకివ్వండి' అన్నాడు. ఆ పిల్ల ఏమందో తెలుసా? 'వస్తానన్న ఒకతను ఉన్నాడు. అతను రాకపోతే అప్పుడు నీతో వస్తాను' అంది. మాంత్రికుడు పున్నమిదాకా గడువిచ్చాడు."

చారుకేతు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెవులు కాలిపోయాయి. సిగ్గు, ఒళ్ళంతా సిగ్గు. ఇన్నేళ్ళూ ఆ దీవి పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు గాని, అక్కడ ఎవరైనా తనకోసం చూస్తుంటారని ఒక్కనాడైనా అనుకోలేదు.

"అన్నయ్యా, వెళ్దాం పద" అన్నాడు. "నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు పెద్దవాడు. "నడిపన్నయ్యా, నువ్వైనా?" అన్నాడు. నడిపివాడు పాయసం జుర్రుకుంటూ తల అడ్డంగా ఊపాడు. చారుకేతు ఒక్కడే తాబేలు వీపెక్కాడు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. పున్నమి పొద్దుటికి దీవి ఒడ్డున దిగాడు. జనం తిడతారనుకున్నాడు, రాళ్ళు వేస్తారనుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. చిక్కి సగమైన ఒక ముసలమ్మ చెంబెడు నీళ్ళు తెచ్చి, "కాళ్ళు కడుక్కో నాయనా. నువ్వొస్తావని రోజూ పెడుతూనే ఉన్నాం" అంది. తాగడానికే నీళ్ళు లేని ఊళ్ళో కాళ్ళకి నీళ్ళు! తిట్టినా బాగుండేది. చారుకేతు ఆ నీళ్ళు ముట్టుకోలేక, ముసలమ్మ కాళ్ళమీద పడ్డాడు.

ఉడుకుగుండం దగ్గరికి వెళ్ళాడు. "పెద్దబ్బాయేడీ?" అంది గుండం. "మా అన్న రాడమ్మా. ఊరికే అన్నాడట. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది" అని తల వంచుకున్నాడు. "ఆ ముక్క ముందే చెబితే పోయేదిగా!" అని గుండం నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుతో నీళ్ళు కుతకుతమన్నాయి.

జలపాతం దగ్గరికి వెళ్ళాడు. "నడిపబ్బాయేడీ?" అంది. "మా నడిపన్న రాడమ్మా. మర్యాదకి అన్నాడట. వాడి బదులు నేను సిగ్గుపడుతున్నాను" అన్నాడు. జలపాతం భోరుమంది. ఏడుపో నీళ్ళో గాని, కిందున్న చేలన్నీ తడిశాయి.

ఆఖరికి కుంపటమ్మ దగ్గరికి ఎక్కాడు. అంచున సంపెంగి నిలబడి ఉంది. పక్కన ధూమకర్ణుడు, వాడి భుజంమీద చిలక. కొండ కడుపు గుడగుడలాడుతోంది.

"వచ్చాడు! చెప్పానా?" అంది సంపెంగి. ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి చారుకేతుకి ఇంకా సిగ్గేసింది. ఏమీ అనకుండా ఊరుకుంటే సరిపోయేది, పిల్ల తనదయ్యేది. ఊరుకోలేకపోయాడు.

"అమ్మా, నిజం చెప్పేస్తాను. వస్తానని నేను అనుకుని అనలేదు. అలవాటుకొద్దీ అన్నాను, మరిచిపోయాను. మీరిద్దరూ నమ్మారని తెలిశాక తల ఎత్తుకోలేక వచ్చాను" అన్నాడు.

సంపెంగి మొహం తిప్పేసుకుంది. కొండ మాత్రం, "సరేలే, వచ్చావుగా. ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకి చారుకేతు వెక్కివెక్కి ఏడ్చాడు. కుంపటమ్మ బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలింది. సన్నగా నిప్పు, సన్నగా బూడిద. దీవి గట్టెక్కింది.

కాని ధూమకర్ణుడు ఊరుకుంటాడా? పకపక నవ్వాడు. "వస్తానన్నవాడు వస్తేనే కదా నేను పిల్లని వదిలేది? వీడు అసలు ఆ మాటే అనుకుని అనలేదట, వీడి నోటితోనే చెప్పాడు! పిల్ల నాది!" అని సంపెంగి చెయ్యి పట్టుకున్నాడు.

"నిజమే, నాది ఉత్త మాట" అన్నాడు చారుకేతు. "కాని పెద్దల దగ్గర సెలవు తీసుకోకుండా ఆడపిల్లని తీసుకెళ్ళకూడదు. అమ్మకి చెప్పి కదులు."

"చెప్పనా? నువ్వు చెప్పినట్టే చెప్పనా?" అన్నాడు మాంత్రికుడు వెక్కిరింతగా.

"వద్దు. ఆ మాట ఇక్కడ చాలా బరువు. అది మోయలేక ఎలా అయిపోయానో చూస్తున్నావుగా. ఆలోచించుకుని అను."

"పోవోయ్, నాకు నీతులా!" అని ధూమకర్ణుడు మూతి వంకర తిప్పి, అచ్చం చారుకేతు గొంతుతో, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. చిలక ఊరుకుంటుందా? అదీ "వెళ్ళొస్తానమ్మా" అంది.

"సరే, రండి" అంది కుంపటమ్మ.

మాంత్రికుడు పది అడుగులు వేశాడో లేదో, చిలక భుజంమీంచి ఎగిరింది. వాడు మాట తప్పేవాడే గాని, చిలక తప్పలేదు. అన్న మాట ప్రకారం తిన్నగా కొండమీదికే వెళ్ళింది. "రావే! వెనక్కి రావే!" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. చిలక మంటలో దూరింది. దానిలో దాచిన ప్రాణం కాలి రాలిపోయింది, ఇక్కడ వాడు పొగైపోయాడు. చిలక మాత్రం అటువైపునుంచి బయటికొచ్చింది. మసి కొట్టుకున్న తెల్లరెక్కల్ని అడవి ఆకులతో తుడుచుకుంటే అవి పచ్చనయ్యాయి. నిప్పు తగిలిన ముక్కు ఎర్రగానే ఉండిపోయింది. కావాలంటే చూడండి, ఇప్పటికీ అంతే.

సంపెంగి వెంటనే పెళ్ళికి ఒప్పుకుందనుకున్నారా? "రోజూ రేవులో నిలబడి నా కళ్ళు కాయలు కాశాయి. నువ్వు మరిచిపోయానంటావా! ఇంటికెళ్ళి మీవాళ్ళకి చెప్పి రా. ఈసారి వస్తే చూద్దాం" అంది. చారుకేతు వెళ్ళాడు, తండ్రికి చెప్పాడు, దిగిన ఓడలోనే మళ్ళీ వచ్చాడు. రేవులో అతన్ని చూశాక సంపెంగి మొదటిసారి నవ్వింది. పెళ్ళి కుంపటమ్మ ఎదుటే జరిగింది. అన్నలిద్దరూ తలలు వంచుకుని వచ్చి, గుండానికీ జలపాతానికీ దణ్ణాలు పెట్టి, లెంపలేసుకున్నారు. తర్వాత మణికేతుడు రాజ్యం చారుకేతుకే ఇచ్చాడు. అతను చాలా ఏళ్ళు చల్లగా ఏలాడు. ఏటా దీవికి వెళ్ళేవాడు. దూరంగా ఓడ కనబడగానే కుంపటమ్మ తలమీద సన్నగా పొగ లేచేది. దీవివాళ్ళు, "అమ్మ పొయ్యి రాజేసింది, అల్లుడొస్తున్నాడు" అనుకునేవాళ్ళు. అంత రాజైనా, ఎవరింటినుంచి లేచినా గడపదగ్గర ఆగి ఒక్క క్షణం ఆలోచించుకుని గాని మాట అనేవాడు కాదు.

కథ అయిపోయింది, ఇక లేవండర్రా, మీ అమ్మలు కేకలేస్తున్నారు. ఏమిటే బుజ్జీ, "వెళ్ళొస్తా మామ్మా" అంటున్నావా? గడపలో ఆగి, ఆలోచించుకుని అను తల్లీ. నేను రేపు పల్లీలు వేయించి పెట్టుకుని కూర్చుంటాను మరి.