ఓబన్నకు చేరని జాబు

అనగనగా ఒక రాజు. ఆయనకు తిండి మీద కన్నా కోటల మీదే మోజు. ఊరూరా రాతిపనివాళ్లను తోలుకుపోయాడు. కానీ ఒక మంచి కట్టుబాటు పెట్టాడు. ప్రతి పున్నమికీ కోటవాకిట జాబులు చదివిస్తాడు. ఇంటివాళ్లు రమ్మని రాస్తే ఆ పనివాణ్ణి పంపేస్తాడు. నోటిమాట మాత్రం చెల్లదు.

గంగులమ్మ మొగుడు ఓబన్న వెళ్లి రెండేళ్లయింది. ఆమె రోజూ రెండు కంచాలు కడిగేది, ఒకదాంట్లోనే తినేది. అతని మీద బెంగతో సగానికి సగం చిక్కిపోయింది.

ఆమెకు చదువు రాదు. తాటాకు పట్టుకుని పండితుడు వాగీశయ్య దగ్గరకు వెళ్లింది.

"అయ్యా, మా ఆయన్ని ఇంటికి రమ్మని రాయండి."

"అంత చప్పగానా? నా పరువేం కాను!" అని ఆయన గంటం అందుకున్నాడు. "అఖండశౌర్యధైర్యగాంభీర్యాది సకలసద్గుణమణిగణమండితా!" అంటూ ఆకు నింపాడు. గంగులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్ద మాటలు పెద్ద పనే చేస్తాయిలే అనుకుంది.

పున్నమి వెళ్లింది. జాబు పట్టుకెళ్లిన ఉప్పుబండి చెన్నప్ప ఒక్కడే తిరిగొచ్చాడు.

"రాజుగారి మీద పొగడ్త అనుకున్నారు చెల్లెమ్మా. జాబును పల్లకీలో పెట్టి కొలువుకు పంపేశారు."

"ఈసారి కరుణరసం పోస్తాను చూడు!" అన్నాడు వాగీశయ్య. "కరుణాతరంగితాపాంగా!" అని మొదలెట్టి రెండాకులు నింపాడు.

మళ్లీ చెన్నప్ప ఒక్కడే వచ్చాడు. "దేవుడి దండకమనుకున్నారమ్మా. అందరూ చేతులు జోడించారు. ఓబన్న కూడా జోడించాడు. అది నీ జాబేరా అన్నాను. నమ్మలేదు. ‘మా గంగులు మాట అట్లా ఉండదన్నా’ అని కళ్లు తుడుచుకున్నాడు."

గంగులమ్మ కూలబడి ఏడ్చింది. ఏడ్చి, లేచి, మూడోసారి వెళ్లింది.

"నేను చెప్పిందే రాయండయ్యా. ఒక్క అక్షరం ఎక్కువ వద్దు."

"అందులో నా పాండిత్యం ఎక్కడ కనబడుతుందమ్మా?"

"మీరు కనబడొద్దు. నేను కనబడాలి."

వాగీశయ్య కొత్త ఆకు తీశాడు. పైన ఓబన్న పేరు వేసి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు.

"ఏమయ్యా, నేను గంగుల్ని. బర్రె ఈనింది. జున్ను వండాను. నీ వాటా ఇంకొకరికి పెట్టబుద్ధి కాలేదు. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. వచ్చెయ్యి."

అది చదివిన కోట అధికారే ఓబన్నను వెంటనే ఇంటికి పొమ్మన్నాడట. ఓబన్న ఉలి కింద పెట్టి, ఉప్పుబండెక్కాడు.

ఆ వారంలోనే గంగులమ్మ రెండో కంచంలో అన్నం వడ్డించింది.

ఆడంబరపు మాట చెవిదాకానే పోతుంది పిల్లలూ. మనసులోంచి వచ్చిన మాట మనిషిని ఇంటిదాకా తీసుకొస్తుంది.