నొప్పిని పోగులేసిన పైడితల్లి

ఒకప్పుడు, లోకమంతా కలిపి ఒకే ఒక్క ఊరుగా ఉన్న రోజుల్లో, నొప్పి కూడా ఒక్కటే ఉండేదర్రా. అది ఎవరో ఒక్క మనిషినే పట్టుకునేది. ఆ మనిషి మంచం మీద గిలగిల్లాడుతుంటే, మిగతావాళ్ళంతా దుక్కల్లా తిరిగేవాళ్ళు. "అయ్యో పాపం" అనేసి ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు.

ఒకరోజు ఆ నొప్పి పైడితల్లి ఇంట్లో దూరింది. పైడితల్లి వరినాట్లు వేసే మనిషి. నోరు తెరిచిందంటే ఊరంతా వినాల్సిందే. అందుకే నొప్పి ఆమె జోలికి పోలేదు. ఆరేళ్ళ కూతురు బంగారి మీద ఎక్కి కూర్చుంది. పిల్ల కెవ్వుమంది.

"దిగవే, దిక్కుమాలినదానా!" అని పైడితల్లి నొప్పి జుట్టు పట్టుకుంది.

"దిగను. నేను ఒక్కదాన్ని. నన్ను ఒక్కరే మొయ్యాలి" అంది నొప్పి.

"ఎవరు చెప్పారే? మేకని కోస్తే ఊరంతా పోగులేసుకుంటాం. పెద్దవాళ్ళకి తలా ఒక పోగు. పిల్లలకి వేరే పోగుండదు. నిన్నూ అలాగే పోగులేస్తా!"

నొప్పి పకపకా నవ్వింది. "నన్ను కోరి తీసుకెళ్ళేదెవరే? సరే, కొయ్యి. ఒక్క పోగు మిగిలినా ముక్కలన్నీ కలుపుకుని మళ్ళీ నీ పిల్ల మీదకే వస్తా."

పైడితల్లి కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. నొప్పిని తరిగి, వీధిలో అడ్డాకుల మీద పోగులు పెట్టింది. నడుం పోగు, మెడ పోగు, మోకాళ్ళ పోగు, తలనొప్పి పోగు! పెద్దవాళ్ళంతా వచ్చారు, చూశారు, వెనక్కి జరిగారు.

"మాకెందుకమ్మా? సుఖంగా ఉన్నాం."

"సిగ్గులేదూ! మొన్న మేక పోగుల దగ్గర ఒకర్నొకరు తోసుకున్నారే! ఇప్పుడు కాళ్ళు వెనక్కి పోతున్నాయా?"

పైడితల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు. అన్నిటికంటే పెద్దదైన నడుం పోగు తీసి తన నడుముకే పెట్టుకుంది. "అబ్బా!" అంది. అయినా నిటారుగా నిలబడింది.

"చూడండి, చచ్చానా?"

అత్త సింహాలమ్మ సణుక్కుంటూ మోకాళ్ళ పోగు అందుకుంది. కుమ్మరి అప్పన్న మెడ పోగు తీసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే వంగారు. చివరికి ఒక్క పంటినొప్పి పోగు మిగిలింది. ఎవరిదా అని చూస్తే, ఊరి నాయుడు ధాన్యం గాదెలో దాక్కున్నాడు! పైడితల్లి ఆయన కాళ్ళు పట్టి బయటికి లాగి, ఆ పోగు నోట్లో కుక్కింది.

ఆకులన్నీ ఖాళీ. బంగారి లేచి కూర్చుని, "అమ్మా, ఆకలి" అంది.

"అయితే ఏంటి? రేపట్నుంచి అందరూ మంచాలెక్కుతారు చూడు!" అని నొప్పి ముక్కలన్నీ ఒక్కసారే అరిచాయి.

"చూస్తూ ఉండవే!" అంది పైడితల్లి. పిల్లకి అన్నం పెట్టి, నడుముకు కొంగు బిగించి పొలానికి బయల్దేరింది. ఊరు ఊరంతా మూలుగుతూ వెనకాలే నడిచింది.

అప్పటినుంచే, పెద్దవాళ్ళలో ఎవర్ని కదిపినా ఏదో ఒక పోగు బయటపడుతుంది. ఒకరు "నాకు నడుం" అంటే ఇంకొకరు "నాకు మోకాలు" అంటారు. పిల్లలైతే కిందపడ్డా, ఉఫ్ అని ఊదితే చాలు, లేచి పరిగెడతారు. పెద్దవాళ్ళు "అమ్మా" అని మూలుగుతూ లేస్తారు. మూలిగితే మూలిగారు గానీ, లేవడం మాత్రం మానలేదర్రా!