తొలకరి బీడులో తొమ్మిది దూడలు

గుండ్లకమ్మ ఒడ్డున ఆశ్రమం నడిపే శేషమాంబ గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరికి ప్రశ్నే గుర్తుండేది కాదు.

వడ్రంగం మానుకుని ఆశ్రమంలో చేరిన ఈశ్వరాచారి ఒక వేసవి చివర ఆవిడ ముందు కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు. ఒంటిపూట తింటున్నాడు, మాట తగ్గించాడు, నవ్వు కూడా తగ్గించాడు. మనసును అంత బిగబట్టి ఉంచినా, ఒక్కరోజు పట్టు సడలితే చాలు, అది తెగించి కనిపించినదాని మీదల్లా పడుతోంది. ఇంకా గట్టిగా బిగించాలా, లేక వదిలెయ్యాలా అని అడిగాడు.

"తొలకరి పడబోతోంది. దూడల్ని నువ్వు చూసుకో నాయనా," అన్నారావిడ.

దూడలు తొమ్మిది. ఎండాకాలమంతా దొడ్డిలో ఎండుగడ్డి తింటూ గడిపాయి. గడ్డివామి అడుగంటుతోంది. వాన పడిన నాలుగో రోజుకే బీడు పచ్చబడింది. ఎలాగూ పచ్చిగడ్డి తింటాయి కదా, ఉన్న ఎండుగడ్డి మిగులుతుందనుకుని ఆచారి పొద్దున్నే వాటికి ఏమీ వెయ్యకుండా దొడ్డి తలుపు తీశాడు. దూడలు ఎగబడి, తడి ఆరని లేతగడ్డిలోంచి మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. సాయంత్రానికి అయిదింటికి పారుడు పట్టుకుంది. అన్నిట్లోకీ చిన్నదైన చుక్కల పెయ్య కాళ్లు ముడుచుకుని పడిపోయింది.

శేషమాంబ గారు వాము కలిపిన మజ్జిగ తెచ్చి వెదురుగొట్టంతో కొంచెం కొంచెంగా పట్టించారు. మర్నాడు మధ్యాహ్నం పెయ్య లేచి నిలబడేదాకా ఆచారి దాని పక్కనుంచి కదల్లేదు. తప్పు గడ్డిదా, దూడలదా అని అడిగితే, రెండిటిదీ కాదని చెప్పి ఆవిడ వెళ్లిపోయారు.

ఆ తరవాత అతను తొందరపడలేదు. బీడును వెదురు తడకలతో మూడు భాగాలు చేశాడు. ఎన్నాళ్లకో ఉలి పట్టిన చేతులకు ఆ పని హాయిగా తోచింది. గడ్డి జానెడు ఎదిగేదాకా ఆగాడు. ఎదిగిన రోజు పొద్దున, దూడలు ఇక చాలని మొహం తిప్పుకునేదాకా ఎండుగడ్డి వేశాడు. గడ్డి మీద తడి ఆరాక, ఒక్క గంటసేపు మేపి తోలుకొద్దామని మొదటి భాగంలోకి వదిలాడు.

మళ్లీ ఎగబడతాయేమోనని తడక పక్కనే కాచుకుని నిలబడ్డాడు. రెండు దూడలు గడ్డి వాసన చూసి ఓ పరక కొరికాయి. అంతలో చుక్కల పెయ్య తోక పైకెత్తి పరుగందుకుంది. దాని వెనక మిగతా ఎనిమిదీ. తడకల వెంబడే చుట్లు తిరిగాయి. ఒకటి నీటి గుంటను ఊరికే ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ దూకింది. ఆచారి తనకు తెలియకుండానే పెద్దగా నవ్వుతూ వాటి వెంట పరిగెత్తాడు. కండువా బురదలో పడినా చూసుకోలేదు.

శేషమాంబ గారు తడక దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆచారి రొప్పుతూ వచ్చి, ఇంత గడ్డి కాళ్లకింద ఉంటే ఇవి మెయ్యవేమిటమ్మా అని అడిగాడు.

"మేస్తాయిలే," అన్నారావిడ. "మొన్న ఆకలి మీద వాటికి గడ్డి ఒక్కటే కనబడింది. ఇవాళ బీడంతా కనబడుతోంది."