కామేశం కోరిన నలభై నమస్కారాలు

పరాంకుశాచార్యులవారు భోజనానికి ముందు తమ విస్తరిని తామే కుట్టుకొనేవారు. ఆ వేళలో ఎవరేమి అడిగినా చివరి ఆకు అతికేలోపల సమాధానం వచ్చేది. ఒకనాడు శిష్యుడు గరుడాచలం, వకీలు వ్రాసిచ్చిన కాగితం చేతబట్టుకొని ఎదుట నిలిచాడు.

"గురువుగారూ, మా తండ్రిగారు పోతూ, నాకు ఈడు వచ్చేదాకా కాపాడమని నా వాటా పొలాన్ని మా అన్నగారి చేతిలో పెట్టారు. పంట ఆయనే అనుభవించారు. న్యాయస్థానం పొలమూ ఇప్పించింది, తిన్నదీ కక్కించింది. అయినా నా కడుపుమంట చల్లారలేదు. శిక్షగా ఆ పైన మరికొంత పరిహారం విధించమని రేపు అర్జీ పెట్టబోతున్నాను. తప్పా?"

ఆచార్యులవారు ఈనెపుల్ల విరిచి, తప్పనీ ఒప్పనీ అనక, ఈ వృత్తాంతం చెప్పారు.

పూర్వం గోదావరి ఒడ్డున కామేశమనే యువకుడుండేవాడు. వాని తండ్రి మరణకాలంలో, నది నడిమి లంకలోని జామతోటను తన తమ్ముడు అచ్యుతరామయ్యకు అప్పగించి, "వీడికి ఇరవై ఏళ్లు నిండాక ఇవ్వు" అన్నాడు. ఆ పినతండ్రి తోటను శ్రద్ధగానే కాపాడాడు. పండ్లను మాత్రం కాపాడలేదు. ఏవని అడిగితే, "చిలకలు తినిపోయాయిరా అబ్బాయీ" అనేవాడు. ఆ చిలకలు పండ్లను గంపలకెత్తి సంతకు పంపేవని ఊరందరికీ తెలుసు.

సంస్థానపు ధర్మాధికారి విచారించి తోట ఇప్పించాడు. పోయిన పండ్లకు బదులుగా అచ్యుతరామయ్య పాడియావును కూడా కామేశం ఇంటికి తోలించాడు. కామేశానికి అది చాలలేదు. "నాది నాకు వచ్చింది, ఆయనకు బుద్ధి రావద్దా? నలభై రోజులు ప్రతి ఉదయం మా గడపముందు నాకు సాష్టాంగపడి క్షమాపణ కోరాలి. నేను ఎదుట నిలిచి స్వీకరించాలి" అన్నాడు. ధర్మాధికారి వానిని ఒకసారి తేరిపార చూసి, "నీవు కోరినట్లే" అని ముద్ర వేశాడు.

మొదటినాడు వీధంతా గుమిగూడింది. అచ్యుతరామయ్య ఉత్తరీయం నడుముకు చుట్టి నిలువునా నేలకొరిగాడు. తక్షణం లోపలినుండి తల్లి కేక వేసింది: "అయ్యో, పెద్దవాడు చిన్నవాడికి మొక్కితే ఆయుక్షీణంరా! పడు, ముందు నువ్వూ పడు!"

పిలిపించిన పురోహితుడు, ఒక్క మొక్కుకు మూడు ప్రతినమస్కారాలు విరుగుడని తేల్చాడు. కామేశం మూడుసార్లు పడి లేచాడు. ఒక్కసారి పడిన పినతండ్రి తీరికగా అరుగెక్కి కూర్చుండి, అక్షతలు చల్లి, "నిండు నూరేళ్లు వర్ధిల్లు నాయనా" అని దీవించాడు. ఆపైన లోపలికి చూసి, "వదినా, ఇంతదూరం నడిచివచ్చాను. మజ్జిగలో కాస్త అల్లం దంచి వెయ్యవూ" అన్నాడు. గడపకు వచ్చిన పెద్దవానిని ఊరకే పంపరాదు గనుక ఆమె తెచ్చి ఇచ్చింది. ఆయన త్రాగి, "మా ఆవు పాలే! రుచి ఎక్కడికి పోతుంది!" అని మెచ్చుకొన్నాడు.

నాలుగు రోజులయ్యేసరికి ఆయన రాక ఆలస్యం కాసాగింది. లంకకు పోయే పడవ ఒక్కటే. అది సూర్యోదయానికే కదిలేది. నమస్కారం స్వీకరించనిదే కామేశం గడప విడువరాదు. అది వాడు కోరి వేయించుకొన్న షరతు. అక్కడ తోటలో జామపండ్లు విరగబండాయి. ఈసారి నిజంగానే చిలకలు తిన్నాయి.

పదకొండవనాడు కామేశం మోకాళ్లకు ఆముదం పట్టించుకొని, కుంటుతూ ధర్మాధికారి ఎదుటికి పోయి, "అయ్యా, ఆయనకు బుద్ధి వచ్చింది. శిక్ష రద్దు చేయండి, మిగిలిన కాయలైనా దక్కించుకొంటాను" అని వేడుకొన్నాడు.

"వీల్లేదు!" అంటూ వెనుకనుండి అచ్యుతరామయ్య ముందుకు వచ్చాడు. "అపరాధిని నేను. ఇంకా ఇరవైతొమ్మిది రోజులు నేను అనుభవించి తీరవలసిందే. తీర్పంటే పిల్లల ఆటా?"

అంతటితో విస్తరి పూర్తయింది. గరుడాచలం చేతిలోని కాగితాన్ని మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు.

"అయితే అర్జీ పెట్టవద్దంటారా?"

"నేనెక్కడన్నాను?" ఆచార్యులవారు విస్తరిమీద నీళ్లు చిలకరిస్తూ అడిగారు. "మీ అన్నగారు నీకంటే ఎన్నేళ్లు పెద్ద?"

"పదకొండేళ్లండి."

ఆయన శిష్యుని కాళ్లవంక కాసేపు చూశారు.

"మోకాళ్లు గట్టివేనా, నాయనా?"